జానెడు నిండదు

తాల్కవానో రేవులో రాత్రి బడి.
కిటికీ తెరిస్తే చేపపిండి వాసన, మూస్తే సుద్దపొడి.
పదకొండు మందిమి
పగలంతా పనిచేసిన చేతుల్ని బల్లల కింద దాచుకుని.

ఎర్సీలియా టీచర్ రెండు గీతలు గీసింది,
ఒకటి పడుకున్నది, ఒకటి నిలబడ్డది.
"సహజ లాగరిథమ్. నిలువు గీతకి కుడివైపే దీని కాపురం.
సున్నాకి అవతల ఇల్లు లేదు.
ఒకటి దగ్గర ఒక్కసారి నేల దాటుతుంది, అంతే."

అక్కణ్ణించి సుద్ద ఎడమకి తిరిగేసరికి
చేద తెగి బావిలో పడ్డట్టు
నిలువు గీత పక్కనే దిగింది, ఇంకా దిగింది,
బోర్డు చెక్క తగిలి ఆగింది.

"గీతకి అంటుకుపోయిందండీ," అన్నాడు నిబాల్దో.
ఓడల యార్డులో వెల్డరు. రెండు ఇనుములు ఎక్కడ కలిశాయో
కళ్లు మూసుకుని వేలితో చెప్పేవాడు.
"అంటుకోలేదు. సుద్ద లావు.
అబద్ధం సుద్దది, వంపుది కాదు."

తర్వాత వాలు.
ఒకటి దగ్గర ఒకటి. రెండు దగ్గర సగం.
ఇరవై ఏడు దగ్గర ఇరవై ఏడో వంతు.
అక్కడ నిబాల్దో పెన్సిలు ఆగిపోయింది.
టార్చి పట్టి ఇరవై ఏడేళ్లట.
"మొదటేడు కొండంత నేర్చుకున్నా.
ఇప్పుడు ఏడాదికి గోరంత."
"గోరంతేగా, సున్నా కాదుగా,"
అంది టీచర్, వెనక్కి తిరక్కుండానే.

నా గ్రాఫు కాగితం మీద వంపు
అలిసిపోయినట్టు చదునైపోతోంది.
ఎక్కడో పైకప్పు తగిలి ఆగుతుంది కదా అన్నాను.
"కప్పు లేదు, దొరాలిసా.
గడికో సెంటీమీటరు. పది సెంటీమీటర్లు ఎక్కాలంటే
ఎంత దూరం నడవాలో నువ్వే కట్టు."

కట్టాను. రెండొందల ఇరవై మీటర్ల చిల్లర.
ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

నిబాల్దో సంచిలోంచి యార్డు టేపు తీశాడు.
బడి గుమ్మం సున్నా.
పదకొండు మందిమి, టీచరు, ఎవరిదో తెలియని ఒక కుక్క.
రొట్టెల కొట్టు దాటాం, మూసిన మంగలి షాపు దాటాం,
టేపు అయిపోయిన ప్రతిచోటా బొటనవేలితో తొక్కిపట్టి
మళ్లీ సాగదీస్తూ
క్యానరీ గోడ దగ్గరికొచ్చాం. నేను పనిచేసే క్యానరీ.
నిబాల్దో గొంతుక్కూచున్నాడు.
నేల నుంచి పది సెంటీమీటర్లు కొలిచి
వెల్డింగు బలపంతో చిన్న గీత పెట్టాడు.

ఇంత దూరమూ నడిచింది
ఈ చీలమండ ఎత్తుకా అని
నవ్వు ఆపుకోలేకపోయాం.

"మరి ఇరవైకి?" అంది ఓర్తెన్సియా.
టీచర్ అరచేతిలో రాసుకుంది, తుడుచుకుంది, మళ్లీ రాసింది.
"నాలుగు వేల ఎనిమిదొందల యాభై కిలోమీటర్లు.
ఆరికా నుంచి కేప్ హార్న్ దాకా నడిచినా
దేశం అయిపోతుంది, జానెడు నిండదు."

నవ్వు ఆగింది. గోడలో పాత పగులుంది,
దానికి వేసిన సిమెంటు రంగు వేరు.
భూమి కదిలిన రాత్రుల్లో రేడియో చెప్పే అంకె గురించి
ఎవరం ఎత్తలేదు.
ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఒక్క మెట్టే.
ఓర్తెన్సియా పగులు మీద చెయ్యి వేసి తీసేసింది.

మర్నాటి నుంచి షిఫ్టుకి పోతూ ఆ గీత చూసేదాన్ని.
రబ్బరు బూట్ల తడికి సగం చెరిగింది.
చలికాలంలో గోడకి నీలం రంగు వేశారు, మొత్తం పోయింది.

పరీక్ష ముందురోజు చూస్తే
నీలం మీద తెల్లగా మళ్లీ ఉంది.
టేపు తెచ్చావా అని అడిగాను నిబాల్దోని.
లేదు, తడిమి పెట్టాను, అన్నాడు.
నేను కొలిచాను.
సుద్ద లావంత తేడా.